కర్ర వంచడానికి ఆవిరి యంత్రం: బెంగళూరు షెడ్డులో ఒక కేస్ స్టడీ

బెంగళూరులో మైసూరు రోడ్డు మీద కెంగేరి దాటాక, మదనపల్లె వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఒక మేస్త్రీ నడుపుతున్న చిన్న వడ్రంగి షెడ్డుకు సంబంధించిన కేసు ఇది. మారతహళ్లిలో ఉంటున్న ఒక తెలుగు కుటుంబం ఆయనకు భోజనాల బల్లతో పాటు ఆరు కుర్చీలు చేయమని ఆర్డరు ఇచ్చింది. ప్రతి కుర్చీకీ వీపు భాగం ఒకే కర్రతో, అర్ధచంద్రాకారంగా, అతుకు లేకుండా ఉండాలన్నది వారి షరతు. కర్ర మందం 25 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 1.4 మీటర్లు, వంపు లోపలి వ్యాసార్ధం 250 మిల్లీమీటర్లు. వెడల్పాటి పలక నుంచి ఆ వంపును రంపంతో కోసి తీయవచ్చు గానీ, అలా కోస్తే వంపు మొదట్లోనూ చివర్లోనూ నార అడ్డంగా తెగి, ఎవరైనా వెనక్కి వాలినప్పుడు అక్కడే విరుగుతుంది. పలుచని పొరలు అతికించి వంపు తెచ్చే పద్ధతి కూడా ఉంది. అయితే అంచుల్లో జిగురు గీతలు కనబడడం వారికి ఇష్టం లేదు. కాబట్టి ఆవిరితో వంచక తప్పని పరిస్థితి ఏర్పడింది.

షెడ్డులో అందుకు ఒక ఏర్పాటు అప్పటికే ఉంది. గ్యాసు పొయ్యి మీద పెద్ద కుక్కరు, దాని మూత మీది గొట్టానికి తొడిగిన రబ్బరు పైపు, ఆ పైపు చేరే ప్లైవుడ్ పెట్టె. పెట్టె లోపలి కొలతలు 30 సెంటీమీటర్ల చదరం, 2.4 మీటర్ల పొడవు. ఆ పెట్టెలో గంటసేపు ఉంచి తీసిన కర్రలు అచ్చు మీద సగం వంగేసరికి బయటి అంచున పేలిపోతున్నాయి. మేస్త్రీ తన నిర్ణయానికి తాను వచ్చేసి, ఈ ఏర్పాటు చూడడానికి నేను వెళ్లేసరికి ఒకే మాట మీద ఉన్నారు: “ప్రెషరు చాలడం లేదు సార్. కుక్కరుకు వెయిటు పెట్టి, పైపుకు ఒక వాల్వు బిగించి, ప్రెషరు ఎక్కాక ఒక్కసారిగా వదిలితే కర్ర మెత్తబడుతుంది.”

ఆవిరితో కర్ర వంచడం మొదలుపెట్టిన వారిలో చాలామందికి ఈ అభిప్రాయమే ఉంటుంది. ఇది ప్రమాదకరమైనది, పైగా పనికిరానిది కూడా. పెట్టె గాలికి తెరిచి ఉన్నంతకాలం కుక్కరులో ఎంత ఒత్తిడి పెంచినా, పెట్టెలోకి రాగానే ఆవిరి వాతావరణపు ఒత్తిడికి దిగిపోతుంది. దిగిన తర్వాత అందులో మిగిలే అదనపు వేడి, ఆవిరి కర్ర మీద నీరుగా మారేటప్పుడు విడుదల చేసే వేడితో పోలిస్తే లెక్కలోకి రాదు. కిలో ఆవిరి నీరుగా మారితే దాదాపు 2,260 కిలోజౌళ్ల వేడి వస్తుంది. కర్రను కాచేది అదే. ఇడ్లీలు ఉడికించేటప్పుడు కుక్కరు వెయిటు తీసేసి వండడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే. ఇడ్లీకి కావలసింది ఒత్తిడి కాదు, ఎడతెగకుండా అందే ఆవిరి. కర్ర విషయంలోనూ అంతే. కాబట్టి ఈ షెడ్డులో అడగవలసిన ప్రశ్న, గంటకు ఎంత ఆవిరి తయారవుతోంది, అందులో ఎంత దారిలోనే పోతోంది అన్నది.

కొలతలు ఏం చెప్పాయి

మొదట ఉష్ణోగ్రత. ఎస్పీ రోడ్డులో దొరికే మామూలు థర్మోకపుల్ మీటరు ఇందుకు చాలు. వాడే ముందు దాన్ని మరిగే నీళ్లలో ముంచి చూడడం నా అలవాటు. అది 97 డిగ్రీలు చూపించింది. మేస్త్రీ వెంటనే, “ఇది తప్పు మీటరు సార్, నీళ్లు నూరు డిగ్రీల దగ్గర కదా మరగాల్సింది” అన్నారు. చెన్నైలో అయితే ఆయన మాట నిజమే. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడి గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో సుమారు 90 శాతమే కాబట్టి నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మీటరు సరిగ్గానే ఉంది. ఈ మూడు డిగ్రీల తేడా వల్ల పనికి నష్టమేమీ లేదు. కర్రలోని నారలను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం తడిగా ఉన్నప్పుడు ఈ వేడికే మెత్తబడుతుంది. పొడిగా ఉంటే ఇంతకన్నా చాలా ఎక్కువ వేడి కావాలి. అందుకే మూడు డిగ్రీల వేడి కన్నా కర్రలో ఉన్న తేమ ఎక్కువ ముఖ్యం.

తర్వాత అదే మీటరును పెట్టె చివరన, అంటే ఆవిరి ప్రవేశించే చోటికి ఎదురు కొసన పెట్టి చూశాము. గంట గడిచినా 84 డిగ్రీలు దాటలేదు. ఆవిరి ఉష్ణోగ్రతను బట్టి అందులో ఎంత గాలి కలిసి ఉందో లెక్కకట్టవచ్చు. బెంగళూరు ఒత్తిడిలో 84 డిగ్రీలంటే ఆ చోట మూడో వంతుకు మించి గాలే ఉందన్నమాట. గాలి కలిసిన ఆవిరి కర్ర మీద నీరుగా మారే వేగం బాగా పడిపోతుంది. ఎందుకంటే ఆవిరి నీరుగా మారిన చోట గాలి కర్రను అంటిపెట్టుకుని ఒక పొరలా నిలిచి, కొత్త ఆవిరిని దగ్గరకు రానివ్వదు.

ఆవిరి పరిమాణం తెలుసుకోవడానికి ఏ పరికరమూ అక్కర లేదు. నీళ్లు మరగడం మొదలైనప్పుడు ఎన్ని ఉన్నాయో, గంట తర్వాత ఎన్ని మిగిలాయో కొలిస్తే చాలు. ఇక్కడ గంటకు 1.8 లీటర్లు తగ్గాయి. దాన్ని శక్తిగా మారిస్తే సుమారు 1.1 కిలోవాట్లు. పొయ్యి మంట అంతకన్నా పెద్దదే గాని, మిగతాది గిన్నె పక్కల నుంచి గాలిలో కలిసిపోతోంది.

ఇప్పుడు పెట్టె సంగతి. దాని గోడల మొత్తం వైశాల్యం 3 చదరపు మీటర్లకు పైన. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ గోడ, లోపల 97 డిగ్రీలు, బయట 25 డిగ్రీలు ఉంటే, చదరపు మీటరుకు సుమారు 280 వాట్ల వేడి బయటికి పోతుంది. అంటే ఈ పెట్టె తన గోడల ద్వారానే 850 వాట్లకు పైగా పారబోస్తోంది. వచ్చే 1,100లో అది పోగా మిగిలే 250 వాట్లతో 40 కిలోల దగ్గర బరువున్న పెట్టె కాగాలి, లోపలి గాలి బయటికి పోవాలి, కర్ర ఉడకాలి. తలుపు సందుల నుంచి పోయే ఆవిరిని ఇందులో కలపనేలేదు. మేస్త్రీ ఈ లెక్క విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పెట్టె గోడ మీద అరచేయి పెట్టి, “గ్యాసంతా ఇక్కడ మండుతోందన్నమాట” అన్నారు. నేను చెప్పదలచినదాన్ని నాకన్నా క్లుప్తంగా చెప్పారు.

పెట్టె

మంట రెట్టింపు చేయడం కన్నా నష్టం తగ్గించడం చవక గనుక ముందు పెట్టెను మార్చాము. లోపలి కొలతలు 18 సెంటీమీటర్ల చదరం, 1.8 మీటర్ల పొడవు. నాలుగు కర్రలు ఒకదానికొకటి తగలకుండా పడుకోవడానికి అది సరిపోతుంది. గోడలకు ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ వాడాము. అందులోని ఫినాలిక్ జిగురు మరిగే నీటిని తట్టుకుంటుంది. ఇంటి అల్మారాలకు వాడే మామూలు ఎంఆర్ రకం ప్లై ఆవిరికి కొద్దికాలంలోనే పొరలుగా ఊడిపోతుంది. పీవీసీ పైపునే పెట్టెగా వాడేవారు ఉన్నారు. అది 80 డిగ్రీలకే మెత్తబడి కుంగిపోతుంది కాబట్టి నేను దాన్ని సిఫారసు చేయను.

పెట్టె బయట 25 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (వేడిని ఆపే రాతి నార) పలకలు చుట్టి, పైన అల్యూమినియం రేకు కట్టాము. దీంతో గోడల నష్టం లెక్క ప్రకారం 110 వాట్ల దగ్గరకు దిగింది. రాక్‌వూల్ గుచ్చుకుంటుందని మేస్త్రీ థర్మాకోల్ వాడదామన్నారు. థర్మాకోల్ చుడితే ప్లై బయటి ముఖం కూడా దాదాపు లోపలి అంత వేడెక్కుతుంది. ఆ వేడికి థర్మాకోల్ ముడుచుకుపోతుంది. చేతికి తొడుగులు వేసుకుని రాక్‌వూలే వాడాము.

గాలి బయటికి పోయే రంధ్రం ఎక్కడ ఉండాలన్న విషయం మీద కొంత వాదన జరిగింది, జరగవలసిందే. ఆవిరి పైకి పోతుంది కాబట్టి రంధ్రం కూడా పైనే పెట్టాలని చాలామంది అనుకుంటారు. 97 డిగ్రీల ఆవిరి సాంద్రత చల్లని గాలి సాంద్రతలో సగమే. అది పెట్టెలోకి వచ్చి పైభాగాన పరుచుకుని, బరువైన గాలిని కిందికి నెడుతుంది. పైన రంధ్రం ఉంటే మంచి ఆవిరి అందులోంచి వెళ్లిపోయి, గాలి కింద అలాగే నిలిచిపోతుంది. అందువల్ల ఆవిరి ఒక కొసన పైనుంచి లోపలికి రావాలి. గాలి, నీరు రెండూ ఎదురు కొసన అడుగు నుంచి బయటికి పోవాలి. పెట్టెను ఆ కొస వైపు మీటరుకు రెండు సెంటీమీటర్ల వాలుగా నిలబెట్టి, అడుగున 20 మిల్లీమీటర్ల రంధ్రం ఒకటి చేసి, దాని కింద బకెట్టు ఉంచాము. ఆ రంధ్రాన్ని ఎప్పుడూ మూయకూడదు. తలుపును కూడా గట్టిగా బిగించకుండా, గుడ్డ అంచు కుట్టిన పలకను కీలు మీద వేలాడదీశాము. ఎక్కడైనా అడ్డం పడినా పెట్టె ఉబ్బే అవకాశం ఉండకూడదన్నది ఉద్దేశం.

ఆవిరి పుట్టించే పాత్ర

కుక్కరు బదులు 20 లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు పాల క్యాను తీసుకున్నాము. చట్టప్రకారం చూసినా ఇది బాయిలరు కిందికి రాదు. బాయిలర్ల చట్టానికి 2007లో చేసిన సవరణ నాటి నిర్వచనంలో 25 లీటర్లకు తక్కువైన పాత్రలనూ, చదరపు సెంటీమీటరుకు కిలో లోపు ఒత్తిడి మీద పనిచేసేవాటినీ మినహాయించారు. చట్టం మినహాయించినంత మాత్రాన వేడినీళ్ల క్యాను సాధువైపోదు గనుక, అసలు ఒత్తిడి పుట్టే వీలే లేని విధంగా దాన్ని రూపొందించడం నా మొదటి షరతు.

అందుకు ఎంచుకున్న సాధనం ఒక తెరిచిన నిలువు గొట్టం. ఆవిరి యంత్రాల తొలి రోజుల్లో బాయిలర్లకు ఇలాంటి గొట్టాలు ఉండేవి. క్యాను మూతలోంచి 20 మిల్లీమీటర్ల స్టీలు గొట్టం ఒకటి లోపలికి దిగి, నీటిలో మునిగి, నీళ్లు కాచే కరెంటు ఎలిమెంట్ కన్నా మూడు సెంటీమీటర్లు పైన ఆగుతుంది. బయటి వైపు అది మూత మీద ఒక మీటరు ఎత్తు లేచి, గోడ వైపు తిరిగి, ఒక బకెట్టులోకి తెరుచుకుంటుంది. ఎక్కడా వాల్వు లేదు. ఆవిరి పైపు ఏ కారణం చేతనైనా మూసుకుపోతే లోపలి ఒత్తిడి నీటిని ఈ గొట్టంలో పైకి నెడుతుంది. నీటిమట్టం నుంచి గొట్టం వంపు దాకా ఒకటిన్నర మీటరు లోపే కాబట్టి, చదరపు సెంటీమీటరుకు కిలోలో ఆరో వంతు ఒత్తిడి కూడా రాకముందే నీళ్లు బకెట్టులో పడతాయి. సేఫ్టీ వాల్వు తుప్పు పట్టి బిగుసుకుపోవచ్చు. ఖాళీ గొట్టానికి ఆ బాధ లేదు.

ఇదే గొట్టంతో ఇంకో ఉపయోగం ఉంది. నీటిమట్టం తగ్గి గొట్టం మూతి బయటపడగానే అందులోంచి ఆవిరి బుసకొడుతూ వస్తుంది. ఎలిమెంట్ మీద ఇంకా మూడు సెంటీమీటర్ల నీరు ఉండగానే అది హెచ్చరిక చేస్తుంది. దీనికి తోడు ఫ్లోట్ స్విచ్ ఒకటి పెట్టి, మట్టం తగ్గితే కరెంటు తెగేలా చేశాము. నాకు గొట్టం మీద ఉన్న నమ్మకం ఫ్లోట్ మీద లేదు. మనిషి అక్కడ లేని వేళకు మాత్రం ఫ్లోట్ అవసరమే.

వేడికి 1.5 కిలోవాట్ల గీజరు ఎలిమెంట్లు రెండు. క్యాను పక్కన, అడుగుకు దగ్గరగా రంధ్రాలు చేసి, స్టీలు సాకెట్లు ఆర్గాన్ వెల్డింగ్‌తో అతికించి, వాటిలో ఎలిమెంట్లు బిగించాము. ఈ వెల్డింగ్ ఒక్కటే బయట చేయించిన పని. రెండూ కలిపి 13 ఆంపియర్లు తీసుకుంటాయి కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్టు, దాని వెనక సరైన మందం రాగి తీగ, క్యాను లోహానికి విడిగా ఎర్తింగ్, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్) తప్పనిసరి. తడి నేల మీద, తడి చేతులతో చేసే పని ఇది. మిగతా ఏ ఖర్చులో ఆదా చేసినా ఆర్‌సీసీబీ దగ్గర చేయకూడదు.

రెండు ఎలిమెంట్లకు విడివిడి స్విచ్చులు ఉండడం వెనక ఒక లెక్క ఉంది. 14 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి మరిగే దాకా తేవడానికి 3 కిలోవాట్లతో 24 నిమిషాలు పడుతుంది, పెట్టె కాగడానికి ఇంకో పది నిమిషాలకు పైగా కావాలి. అంతవరకు రెండూ వెలగాలి. తర్వాత గోడల నష్టం 110 వాట్లే కాబట్టి ఒకటి ఆపేసినా గంటకు 2.4 లీటర్ల నీరు ఆవిరవుతూ ఉంటుంది. అడుగు రంధ్రం నుంచి ఆవిరి ధారగా రావడానికి అది ధారాళంగా సరిపోతుంది. తలుపు తెరిచి ఒక కర్ర తీసినప్పుడు మళ్లీ రెండో స్విచ్ వేస్తే పెట్టె త్వరగా కోలుకుంటుంది.

ఆవిరి గొట్టం విషయంలో పాతదాని లోపం దాని నడకలో ఉంది. పైపు పొయ్యి నుంచి కిందికి వేలాడి మళ్లీ పైకి లేచేది. ఆ వేలాడిన చోట నీరు చేరి, ఆవిరి గుటకలు గుటకలుగా దాటేది. కొత్తదానికి 16 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం గల సిలికాన్ గొట్టం వాడి, వీలైనంత పొట్టిగా, క్యాను నుంచి పెట్టె దాకా ఎక్కడా కుంగకుండా ఎత్తుకు ఎక్కేలా అమర్చాము. దారిలో నీరైన ఆవిరి తిరిగి క్యానులోకే జారుతుంది. గొట్టం మీద కూడా రాక్‌వూల్ చుట్టాము.

ఈ మార్పుల తర్వాత పెట్టె చివరన మీటరు 96 డిగ్రీల దగ్గర నిలిచింది.

కర్ర, పట్టీ, అచ్చు

ఆవిరి సరిపోయింది, కర్ర ఇంకా పేలవచ్చు. ఆవిరి పట్టిన కర్ర లాగితే ఒకటి రెండు శాతానికి మించి సాగదు. నొక్కితే మాత్రం మంచి జాతి కర్ర 25 శాతం దాకా కుదించుకుంటుంది. మన కుర్చీ వంపులో 25 మిల్లీమీటర్ల మందానికి 250 వ్యాసార్ధం కాబట్టి, లోపలి అంచుకూ బయటి అంచుకూ పొడవులో పది శాతం తేడా రావాలి. కర్రను ఊరికే వంచితే అందులో సగం సాగుదల బయటి అంచు మీద పడుతుంది, అది దాని శక్తికి మించినది. దీనికి మందు బయటి ముఖాన లోహపు పట్టీ పెట్టి, దాని రెండు కొసల దిమ్మల మధ్య కర్రను బిగించడం. అప్పుడు సాగే బాధ్యత పట్టీదై, కర్ర మొత్తం కుదింపులోనే వంగుతుంది. వియన్నాలో మైకేల్ థోనెట్ తన వంపు కుర్చీలు తయారు చేయగలిగింది ఈ ఉపాయంతోనే. 1859 నాటి ఆయన 14వ నంబరు కుర్చీ ఇప్పటికీ కాఫీ హోటళ్లలో కనిపిస్తుంది. షెడ్డులో పట్టీ ఉంది గాని కొసన దిమ్మలు వదులుగా ఉన్నాయి. దిమ్మలను బోల్టుతో సవరించే ఏర్పాటు చేసి, మామూలు ఇనుప పట్టీ తీసేసి స్టెయిన్‌లెస్ పట్టీ వేశాము. తడి కర్రకు ఇనుము తగిలితే నల్లటి మచ్చలు పడతాయి, చిత్రిక పట్టినా అవి తొందరగా పోవు.

మిగిలింది కర్ర ఎంపిక. మేస్త్రీ తెచ్చినది యాష్ అనే దిగుమతి కర్ర, బట్టీలో ఎండబెట్టినది. యాష్ వంపుకు పేరున్న జాతే. కానీ బట్టీలో పది శాతం తేమకు దిగిన కర్రను నీళ్లలో ఎన్నాళ్లు నానబెట్టినా తేమ పైపొర దాటి లోపలికి అంతగా పోదు. వంపుకు 20 నుంచి 25 శాతం తేమ అనుకూలం. మరీ పచ్చి కర్ర కూడా పనికిరాదు. కుదింపుకు లోపలి నీరు పోయే దారి లేక నారలు చిట్లుతాయి. నేను మల్బరీ సూచించాను. హాకీ కర్రలకు వాడే ఈ చెట్టు వంపుకు చాలా మంచిది. పట్టు పరిశ్రమ ఉన్న కర్ణాటకలో తోటలకు కొదవ లేదు గాని, వాటిలో చాలాభాగం ఆకుల కోసం పొదలుగా కత్తిరించినవే. పాత తోట గట్ల మీద చెట్లుగా ఎదిగినవి కొన్ని రామనగర వైపు దొరికాయి. నీడన గాలికి ఆరిన ఆ దుంగల నుంచి, రంపంతో కాకుండా నార వెంబడి చీల్చి కర్రలు తీయించాను. రంపం గీత వెంట పోతుంది. చీలిక నార వెంట పోతుంది. వంపులో పేలుడు మొదలయ్యేది నార అంచు దాటి బయటికి వచ్చే చోటే.

ఆవిరి పట్టే సమయం అంగుళం మందానికి గంట, పెట్టె చివరన 95 డిగ్రీలు దాటిన తర్వాత నుంచి లెక్క. ఇంకా ఎక్కువసేపు ఉంచితే మేలని మేస్త్రీ అనుమానం. ఎక్కువసేపు ఉంచిన కర్ర బలం తగ్గుతుందే తప్ప మరింత మెత్తబడదు. తలుపు తీసేటప్పుడు పక్కకు నిలబడాలి. కంటికి కనిపించే తెల్లటి పొగ అప్పటికే నీటి తుంపర; చర్మాన్ని కాల్చే ఆవిరి దానికి ముందే కనబడకుండా వస్తుంది. తీసిన కర్ర పట్టీలోకి వెళ్లి, అచ్చు చుట్టూ తిరిగి, క్లాంపులు పడేదాకా ఒక నిమిషం దాటకూడదు. కాబట్టి ఇద్దరు మనుషులు, ముందే వరుసగా పేర్చిన క్లాంపులు, వంచేటప్పుడు మాట్లాడకపోవడం అవసరం. చివరిది మేస్త్రీ పెట్టిన నియమం, మంచి నియమం.

పాత పద్ధతిలో బయటి అంచు పేలడం మామూలైతే, కొత్త ఏర్పాటులో అది దాదాపు ఆగిపోయింది. విరిగిన కొన్నింటిలోనూ కారణం కంటితోనే కనిపించింది: ఒకచోట చిన్న ముడి, ఒకచోట నార పక్కకు తిరగడం. వంచిన కర్రలను అచ్చు మీదే వారం రోజులు ఆరనిచ్చి, తీసినప్పుడు కొంత తెరుచుకుంటాయని ముందే తెలుసు గనుక అచ్చు వ్యాసార్ధాన్ని 240కి తగ్గించి చేశాము. ఆరు వీపులూ ఒకే వంపుకు రాలేదు; పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది, బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు తెలియదు. ఆ కుటుంబం అభ్యంతరం చెప్పలేదు.

నిర్వహణలో ఒక్క సమస్య మిగిలింది. షెడ్డుకు వచ్చేది బోరు నీళ్లు. అవి గట్టి నీళ్లు కావడంతో ఎలిమెంట్ మీద తెల్లటి సున్నం పొర త్వరగా పేరుకుంటుంది. పొర మందం పెరిగేకొద్దీ ఎలిమెంట్ తన వేడిని నీటికి ఇవ్వలేక లోలోపలే కాలిపోతుంది. కావేరి నీళ్లు దొరికిన రోజు వాటినే నింపుకోవాలని, బోరు నీళ్లే వాడితే పని ముగిశాక క్యాను ఖాళీ చేసి, అప్పుడప్పుడు లీటరు నీటికి రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి ఎలిమెంట్లు మునిగేలా పోసి, గోరువెచ్చగా కాచి రాత్రంతా ఉంచి కడగాలని మేస్త్రీకి రాసి ఇచ్చాను.